డానా 44: పేరు ఒకటే, ఇరుసులు ఎన్నో

తేలికపాటి ట్రక్కులకూ, జీపులకూ, రోడ్డు లేని చోట తిరిగే బండ్లకూ అమర్చిన ఇరుసుల్లో డానా 44 అంత దీర్ఘకాలం, అన్ని రకాల బండ్ల కింద పనిచేసినవి చాలా తక్కువ. ముందూ వెనుకా రెండూ డానా 44 యాక్సిళ్లే ఉన్న 2004 నాటి జీప్ రాంగ్లర్ రూబికాన్‌ను నేను ఎనిమిదేళ్లుగా నడుపుతున్నాను. దానికి ముందు ఇంటర్నేషనల్ స్కౌట్ 2 ఉండేది; దాని వెనుక యాక్సిల్‌ను రెండుసార్లు పూర్తిగా విప్పి బిగించవలసి వచ్చింది. పేరు ఒకటే అయినా ఈ రెండు బండ్ల కింద ఉన్న ఇరుసుల మధ్య ఎంత తేడా ఉందో చూసిన తరువాతే ఈ సమీక్ష రాయాలనిపించింది. పాత యాక్సిల్‌నో, యాక్సిల్ కోసమే బండినో కొనేవాళ్లు చాలామంది ‘కింద 44 ఉందా?’ అని అడిగి తృప్తి పడుతున్నారు. అది ఏ బండికి, ఏ కాలంలో తయారైన 44 అని అడిగితే తప్ప వాళ్లకు కావలసిన జవాబు దొరకదు.

ముందుగా దీని పుట్టుక గురించి కొంత చెప్పాలి, ఎందుకంటే దీని బలహీనతను అర్థం చేసుకోవడానికి అది పనికివస్తుంది. క్లారెన్స్ స్పైసర్ 1904లో అమెరికాలోని న్యూజెర్సీలో యూనివర్సల్ జాయింట్ల (షాఫ్ట్ వంగిన కోణంలోనూ తిరుగుడును అందించే కీళ్ల) తయారీ మొదలుపెట్టారు. 1914లో చార్లెస్ డానా ఆ సంస్థలోకి వచ్చారు. 1919లో సాలిస్‌బరీ యాక్సిల్ కంపెనీ వాళ్ల చేతికి వచ్చింది. 1946లో సంస్థ పేరు డానా కార్పొరేషన్ అయింది. మోడల్ 44 కూడా ఆ 1940ల నాటిదే. పోత ఇనుముతో చేసిన మధ్యభాగంలోకి రెండు వైపుల నుంచీ ఉక్కు గొట్టాలను ఒత్తి దించి, రంధ్రాల గుండా వెల్డింగ్ చేసి బిగించే ఈ నిర్మాణాన్ని ఇప్పటికీ సాలిస్‌బరీ తరహా అనే అంటారు. జాయింట్ నడుమ సిలువ ఆకారంలో ఉండే క్రాస్‌ల మీద స్పైసర్ పేరు నేటికీ కనిపిస్తుంది.

యాక్సిల్‌ను గుర్తుపట్టడం కష్టం కాదు. వెనుక మూతకు పది బోల్టులు ఉంటాయి. మధ్యభాగం కింద బలానికి పోత పోసిన పక్కటెముకల వంటి గట్లలో ఒకదాని మీద 44 అన్న అంకె ఉబ్బెత్తుగా ఉంటుంది. స్కౌట్ కింద పడుకొని, గట్టిపడిన బురదను తీగ బ్రష్‌తో గీకుతుంటే ముందు ఒక నాలుగు, ఆపైన రెండో నాలుగు బయటపడినప్పుడు కలిగిన సంతోషం నాకింకా గుర్తుంది. గొట్టం మీద అచ్చుకొట్టిన విడిభాగాల పట్టిక సంఖ్య తుప్పులో కలిసిపోకుండా మిగిలితే, యాక్సిల్ ఏ బండికి, ఏ గేర్ నిష్పత్తితో (చక్రం ఒకసారి తిరగడానికి ఇంజన్ వైపు షాఫ్ట్ ఎన్నిసార్లు తిరగాలో చెప్పే లెక్క) తయారైందో కూడా తెలిసిపోతుంది. ఆ 44 అన్నది లోపలి ఏ కొలతకూ సూచిక కాదు. పాత తరహా 44లో క్రౌన్ వీల్ (మధ్యభాగంలోని పెద్ద పళ్ల చక్రం) వ్యాసం 8.5 అంగుళాలు, దానిని తిప్పే చిన్న గేర్ అయిన పినియన్ కాడ మందం 1.376 అంగుళాలు, ఎక్కువ నమూనాలలో యాక్సిల్ షాఫ్ట్ కొసన 30 స్ప్లైన్లు (షాఫ్టును గేర్లకు పట్టించే నిలువు పళ్లు) ఉంటాయి. చిన్న జీపులకు ముందువైపు వచ్చే డానా 30లో క్రౌన్ వీల్ 7.2 అంగుళాలకు కాస్త తక్కువగా, షాఫ్టుకు 27 స్ప్లైన్లతో ఉంటుంది. బరువైన ట్రక్కుల కింద ఉండే డానా 60లో క్రౌన్ వీల్ 9.75 అంగుళాలు. ఈ మధ్యస్థానమే 44కు ఇంత పేరు తెచ్చింది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. 1970లలో ఫోర్డ్, షెవర్లే, డాడ్జ్ సంస్థల అర టన్ను ఫోర్ వీల్ డ్రైవ్ పికప్‌లలో చాలావాటికి ముందువైపు 44 కనిపిస్తుంది. ఫోర్డ్ బ్రాంకోలో 1971లో డానా 30 స్థానంలో ఇది వచ్చింది. అదే ఫోర్డ్ పెద్ద బ్రాంకోలోనూ ఎఫ్-150లోనూ 1978, 1979 నమూనాలకు పినియన్ ఎత్తుగా ఉండేలా, క్రౌన్ వీల్ పళ్లను వ్యతిరేక దిశలో కోసిన 44ను అమర్చారు. ముందు యాక్సిల్‌గా అది రెండు విధాల మేలు: యాక్సిల్‌కు శక్తిని తెచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ రాళ్లకు తగలకుండా పైకి ఉంటుంది, బండి ముందుకు లాగేటప్పుడు బరువు క్రౌన్ పళ్ల బలమైన ముఖం మీదే పడుతుంది. అదే యాక్సిల్‌ను తెచ్చి వెనుక అమర్చితే బరువు పళ్ల రెండో ముఖం మీద పడుతుంది కాబట్టి, పాత సామాను దుకాణంలో చౌకగా దొరికిందని తీసుకొని వెనుక బిగించడం తెలివైన పని కాదు. 1980 తరువాత ఫోర్డ్ ఎఫ్-150లో వచ్చిన 44కైతే గొట్టాల బదులు విడివిడిగా కదిలే రెండు దూలాలు ఉంటాయి. లోపలి క్రౌన్ పినియన్ 44దే అయినా బయటి శరీరం పూర్తిగా వేరు.

జీప్ గ్రాండ్ చెరొకీ మొదటి రెండు తరాల్లో కొన్నిటికి వెనుకవైపు అల్యూమినియం మధ్యభాగం ఉన్న 44 వచ్చింది. బరువు తగ్గించడానికి చేసిన ఆ మార్పు నాకు నచ్చలేదు. అల్యూమినియం వేడికి ఎక్కువగా వ్యాకోచిస్తుంది, బరువు పడినప్పుడు ఇనుము కన్నా ఎక్కువగా వంగుతుంది. ఆ వంపుతో క్రౌన్ పినియన్ పళ్లు ఒకదానికొకటి ఆనే చోటు మారిపోతుంది. బాగా అరిగిన ఒక అల్యూమినియం 44ను మిత్రుడి బండిలో విప్పి చూశాను. పళ్ల ఒక అంచున మాత్రమే మెరుపు ఉంది, మిగిలిన ముఖం కొత్తదానిలా ఉంది. రోడ్డు మీద నెమ్మదిగా నడిచే బండికి అది సరిపోవచ్చు గాని, రాళ్ల మీదికి ఎక్కించే బండి కోసం వెతికేవాళ్లు దానిని వదిలేయడం మంచిది.

నా రూబికాన్‌లోని జత 2003 నుంచి 2006 వరకు వచ్చిన నమూనా. ముందూ వెనుకా రెండిటికీ కర్మాగారంలోనే గాలితో పనిచేసే లాకర్లు (రెండు చక్రాలూ ఒకే వేగంతో తిరిగేలా కలిపి పట్టే సాధనాలు) బిగించి, 4.10 నిష్పత్తితో ఇచ్చారు. లాకర్‌కు గాలి అందించే చిన్న పంపులు బండి కిందే ఉంటాయి. వాటిలోకి నీరు చేరకుండా చూసుకుంటే చాలు, ఎనిమిదేళ్లలో నాకు అవి ఒక్కసారే మొండికేశాయి, అదీ వైరు తుప్పు పట్టడం వల్ల. వెనుక యాక్సిల్ మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. షాఫ్ట్‌ను చక్రం వైపు బేరింగ్ దగ్గర పట్టీతో పట్టి ఉంచుతారు కాబట్టి, లోపల షాఫ్ట్ విరిగినా చక్రం ఊడి బయటికి రాదు. చిన్న జీపులకు వెనుకవైపు వచ్చే డానా 35లో ఆ పనిని డిఫరెన్షియల్ (రెండు చక్రాలకూ శక్తిని పంచే గేర్ల కూర్పు) లోపల ఉండే చిన్న సి ఆకారపు క్లిప్ చేస్తుంది. అక్కడ షాఫ్ట్ విరిగితే చక్రంతో సహా జారిపోతుంది. ఈ ఒక్క కారణానికే నేను 35ను వదిలి 44 ఉన్న బండి కోసం నెలల తరబడి వెతికాను.

ముందు యాక్సిల్ విషయంలో మాత్రం నిజం చెప్పాలి. ఈ నమూనాలో మధ్యభాగం 44దే గాని, చక్రాల వైపు చివర్లు, స్టీరింగ్ నకుల్స్, బాల్ జాయింట్లు అన్నీ డానా 30 నుంచి తెచ్చినవే. పినియన్ కూడా కింద ఉంటుంది. క్రౌన్ వీల్ పెద్దదైంది, షాఫ్ట్ లోపలి భాగం లావైంది, కానీ చక్రం తిరిగే చోట ఉండే జాయింట్ క్రాస్ మాత్రం 30లో ఉన్న పరిమాణమే. బరువంతా చివరికి అక్కడే పడుతుంది. 2007లో వచ్చిన తరువాతి రూబికాన్‌లో పినియన్‌ను మళ్లీ పైకి తెచ్చారు, వెనుక షాఫ్టుకు 32 స్ప్లైన్లు ఇచ్చారు. రెండూ మంచి మార్పులే. అయితే ఆ ముందు యాక్సిల్ గొట్టాలు సన్నవి. పెద్ద టైర్లు వేసి దూకించేవాళ్ల బండ్లలో ఆ గొట్టాలూ, వాటి చివర సి ఆకారపు పోతలూ వంగడం అందరికీ తెలిసిన సమస్య; లోపల ఉక్కు గొట్టం దూర్చడం, చివర్లకు బిళ్లలు వెల్డ్ చేయడం దానికి వాడుకలో ఉన్న మందు. ఇక 2018లో వచ్చిన జేఎల్ తరం రూబికాన్‌లోనూ 44 అన్న పేరే వాడుతున్నారు గాని, అక్కడ క్రౌన్ వీల్ ముందు 210 మిల్లీమీటర్లు, వెనుక 220 మిల్లీమీటర్లు, పాత 8.5 అంగుళాలంటే సుమారు 216 మిల్లీమీటర్లు. పాత 44 గేర్లు దానికి సరిపోవు. ఒకే పేరు కింద ఇన్ని శరీరాలు ఉన్నప్పుడు, పేరు చూసి విడిభాగం కొనడం డబ్బు పారేసుకోవడమే.

అలా పారేసుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ని. స్కౌట్‌లో వెనుక నిష్పత్తి 3.54గా ఉండేది. టైర్లు పెంచాక బండి ఎత్తు ఎక్కలేక మూలుగుతుంటే, 4.10 క్రౌన్ పినియన్ జత కొని ఒక వర్క్‌షాపుకు ఇచ్చాను. 44లో క్రౌన్ వీల్‌ను మోసే కేరియర్ రెండు రకాలు: 3.73, అంతకు తక్కువ నిష్పత్తులకు ఒకటి, 3.92, అంతకు ఎక్కువ నిష్పత్తులకు మరొకటి. నిష్పత్తి పెరిగేకొద్దీ పినియన్ తల చిన్నదవుతుంది, అందువల్ల క్రౌన్ వీల్ దాని వైపు మరింత జరగాలి. ఆ జరుగుబాటు కేరియర్ మీద బోల్టులు బిగించే అంచు ఉన్న చోటును బట్టి వస్తుంది. నా పాత కేరియర్ మీద కొత్త క్రౌన్ వీల్ బిగిస్తే అది పినియన్‌ను సరిగా అందుకోనే లేదు. పాత కేరియర్‌కు సరిపోయేలా మందంగా కోసిన క్రౌన్ వీళ్లు కూడా దొరుకుతాయని తరువాత తెలిసింది. ఆ వర్క్‌షాపువాళ్లు జత విప్పకముందే ఈ మాట చెప్పి ఉంటే రెండు వారాలు బండి లిఫ్ట్ మీద ఉండేది కాదు.

కేరియర్ మార్చిన తరువాత కూడా కష్టం తీరలేదు. బండి తీసుకున్న రోజే, వేగం పుంజుకోగానే వెనుక నుంచి సన్నని ఈల వంటి మోత మొదలైంది. యాక్సిలరేటర్ వదిలితే స్వరం మారేది. కొత్త గేర్లు కొన్నాళ్లకు సర్దుకుంటాయని చెప్పి పంపారు. సర్దుకోవు. క్రౌన్ పినియన్ కూర్పు తప్పుగా ఉంటే మోత తగ్గదు, పళ్లు అరుగుతాయి. నేను మరో అనుభవజ్ఞుడైన మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన మూత పది బోల్టులూ విప్పి, చిక్కటి గేర్ ఆయిల్‌ను పళ్లెంలోకి కారనిచ్చి, పళ్లను గుడ్డతో తుడిచి, నాలుగైదు పళ్లకు పసుపు రంగు పూత సన్నగా రాశారు. చక్రాన్ని పట్టి ఉంచి, పినియన్‌ను చేత్తో ముందుకూ వెనుకకూ తిప్పారు. పూత తుడిచిపెట్టుకుపోయిన చోట నిగనిగలాడే ఒక గుర్తు మిగిలింది. అది పంటి ముఖం మధ్యలో ఉండాలి. నాదాంట్లో పంటి మొదలుకు దిగిపోయి, నెలవంక ముక్కలా ఉంది. అంటే పినియన్ ఉండవలసిన దానికంటే లోపలికి చొచ్చుకువచ్చింది.

పాత 44లో పినియన్ లోతును, లోపలి బేరింగ్ కప్పు వెనుక పెట్టే పలుచటి షిమ్‌లతో సరిచేస్తారు. కేరియర్ బేరింగ్‌ల కింద కూడా షిమ్‌లే ఉంటాయి. ఒక్కో షిమ్ మార్చాలంటే ప్రతిసారీ బేరింగ్‌ను లాగి తీసి మళ్లీ ఎక్కించాలి. అనుభవం ఉన్నవాళ్లు పాత బేరింగ్ లోపలి రంధ్రాన్ని కాస్త సాపు చేసి, చేత్తో ఎక్కించి దించేలా ఒక జతను దగ్గర పెట్టుకుంటారు. లెక్క కుదిరాకే కొత్త బేరింగ్‌ను ప్రెస్‌తో ఎక్కిస్తారు. ఆయన నాలుగుసార్లు తీసి పెట్టారు. చివరికి క్రౌన్ పినియన్ పళ్ల మధ్య ప్లే (వదులు) 0.005 నుంచి 0.008 అంగుళం పరిధిలోకి వచ్చింది, రంగు గుర్తు పంటి నడిమికి వచ్చింది, మోత పోయింది. ఇనుము మారలేదు, పళ్లు మారలేదు, వెంట్రుకంత మందం ఉన్న రేకు ముక్కలు మారాయి, అంతే. ఈ యాక్సిల్ ఎంత కాలం మన్నుతుందన్నది అది పోత పోసిన కర్మాగారం మీద ఎంత ఆధారపడుతుందో, ఈ షిమ్‌లు పెట్టే చేతి మీద కూడా అంతే ఆధారపడుతుంది. అందువల్ల వాడిన 44 కొనేటప్పుడు నేను మొదట అడిగేది మూత విప్పి చూపించమని.

రూబికాన్‌తో నాకు జరిగిన ఏకైక పెద్ద నష్టం ముందు జాయింట్ దగ్గరే. నిటారుగా ఉన్న రాతి మెట్టు ఎక్కుతూ, స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకు తిప్పి ఉండగా, ముందు లాకర్ వేసి ఉంచి యాక్సిలరేటర్ నొక్కాను. టక్‌మన్న శబ్దం వచ్చి బండి వెనక్కి జారింది. తప్పు నాది, చక్రం పూర్తిగా తిరిగినప్పుడు జాయింట్ తన కోణం చివరికి వంగి ఉంటుంది, ఆ స్థితిలో లాకర్ వేసి లాగించకూడదు. చక్రం తీసి, బ్రేక్ కాలిపర్ పక్కకు కట్టి, 36 మిల్లీమీటర్ల హబ్ నట్టు విప్పి, వెనుక నుంచి హబ్‌ను పట్టి ఉంచే మూడు బోల్టులు తీస్తే షాఫ్ట్ మొత్తం బయటికి వచ్చింది. క్రాస్ టోపీల్లో ఒకటి బయటికి నెట్టుకొచ్చి ఉంది. దానిని పట్టి ఉంచే షాఫ్ట్ చెవి రంధ్రం గుండ్రంగా లేదు, కోడిగుడ్డు ఆకారంలోకి సాగింది. దగ్గరున్న పాత షాఫ్ట్ బిగించుకొని అదే రోజు ఇంటికి వచ్చాను. క్రౌన్ పినియన్ చెక్కుచెదరలేదు.

దీనిని లోపంగా చూడాలా, గుణంగా చూడాలా అని నేను చాలాసార్లు ఆలోచించాను. విరగక తప్పనప్పుడు, దారిలో గంటలో మార్చగలిగిన భాగం విరగడం నాకు మేలే. ఆ తరువాత క్రోమియం మాలిబ్డినం ఉక్కు షాఫ్టులూ, స్పైసర్ వారి గట్టి రకం జాయింట్లూ వేయించాను; 33 అంగుళాల టైర్లతో ఈ జత నాకు మళ్లీ ఎప్పుడూ ఇబ్బంది పెట్టలేదు. జాగ్రత్తగా నడిపేవాళ్లు 35 అంగుళాల టైర్లతోనూ నెట్టుకురావచ్చు. 31 నుంచి 35కు వెళ్తే 4.10 నిష్పత్తి లెక్కకు 3.63 అయిపోతుంది కాబట్టి, 4.56 గానీ 4.88 గానీ వేయించక తప్పదు. 4.88 పినియన్‌కు ఎనిమిదే పళ్లు, 4.10 పినియన్‌కు పది. పళ్లు తగ్గి తల చిన్నదైతే బలమూ తగ్గుతుంది కాబట్టి, నేనైతే 4.56 దగ్గరే ఆగుతాను.

37 అంగుళాల టైర్లు, పెద్ద వీ8 ఇంజన్, రోజంతా రాళ్ల మీద ప్రయాణం అనుకునేవాళ్లకు 44ను నేను సిఫారసు చేయను. 44 మీద గొట్టాలకూ షాఫ్టులకూ లాకర్లకూ విడతలవారీగా పెట్టే ఖర్చును కలిపి చూసుకుంటే, మొదటే డానా 60కు వెళ్లడం నయం. కానీ 60 బరువు ఎక్కువ, దాని మధ్యభాగం నేలకు మరింత దగ్గరగా దిగుతుంది. తేలికైన బండికి, 33 అంగుళాల టైర్లతో, ఆ అదనపు ఇనుమును ప్రతి రాయి మీదికీ ఎక్కించడం అనవసరం. ఫోర్డ్ 9 అంగుళాల యాక్సిల్‌లో గేర్ల భాగం ముందు నుంచి మొత్తంగా ఊడి బల్ల మీదికి వస్తుంది. 44లో ఆ సౌకర్యం లేదు, అంతా బండి కింద పడుకొనే చేయాలి. షిమ్‌లతో పడిన తిప్పలు గుర్తొచ్చినప్పుడు ఆ యాక్సిల్ ఉన్నవాళ్లను చూసి నాకు కాస్త అసూయ కలుగుతుంది.

నిర్వహణకు పెద్ద శ్రమ లేదు. నీటిలో దిగిన ప్రతిసారీ నేను ఆయిల్ చూస్తాను. వేడెక్కిన యాక్సిల్ చల్లటి నీటిలో దిగితే లోపలి గాలి ముడుచుకొని, ఊపిరి గొట్టం మూసుకుపోయి ఉంటే సీళ్ల గుండా నీటిని లోపలికి పీల్చుకుంటుంది. అప్పుడు ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులోకి మారుతుంది. ఊపిరి గొట్టాన్ని ఇంజన్ గది దాకా పొడిగించడం అరగంట పని. రెండు లీటర్లకు దగ్గరగా పట్టే జీఎల్-5 రకం గేర్ ఆయిల్ పోసి, మూతకు సిలికాన్ పూత పలుచగా, బోల్టు రంధ్రాల లోపలి వైపున వేసి బిగిస్తాను. పోయిన నెల వెనుక మూత విప్పినప్పుడు పళ్లకు మళ్లీ పసుపు పూత రాసి చూశాను. గుర్తు పంటి నడుమనే ఉంది.